పక్కవాడి మొహం

గోపాలరావు కాఫీ తాగేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. నాచారం హెచ్.ఎం.టి. నగర్‌లో ఆ వాటా ఇరుగుపొరుగుకంతా తెలిసిన సంగతే ఇది. పేపరైనా కాఫీ తర్వాతే. గ్లాసు ముక్కు కిందికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, గుండెల నిండా ఒకసారి పీల్చి, అప్పుడు తాగడం ఆయన పద్ధతి. డికాషన్ కాస్త పలచబడినా, పొడి నాలుగు రోజుల పాతదైనా కాఫీ సింకు పాలయ్యేది. తెనాలి నుంచి ఉద్యోగానికి ఈ ఊరొచ్చి పాతికేళ్లు దాటింది. ఇల్లు మారాడు, భాషలో నాలుగు మాటలు మారాయి, కాఫీ మాత్రం మారలేదు. గింజలు తెప్పించుకుని, వేయించుకుని, దగ్గర నిలబడి మరీ పొడి పట్టించుకునేవాడు.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఫిల్టరులో మొదట దిగిన చిక్కటి డికాషన్ ఆయనకూ, వచ్చిన చుట్టాలకూ. ఆ పొడిమీదే మళ్లీ వేడినీళ్లు పోస్తే దిగే రెండో డికాషన్ ఆయన భార్య రాజ్యానికి. అది ఆయన పెట్టిన నియమమేమీ కాదు. ఆయన అమ్మ అలాగే తాగింది, నాయనమ్మ అలాగే తాగింది. రాజ్యం అడగలేదు, ఆయనకు తట్టలేదు.

అలాంటి గోపాలరావుకు ఏడాదిగా ఏ వాసనా తెలియడం లేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆయన పనిచేసేది నాచారం పారిశ్రామికవాడలో, రంగుల కంపెనీలకు ద్రావకాలు తయారుచేసి పంపే ఒక ఫ్యాక్టరీలో. స్టోర్స్ గుమాస్తా. ఆయన చేతికింద ఏలియా అని హెల్పర్ ఉండేవాడు. జనగామ వైపు మనిషి, మల్లాపూర్‌లో కాపురం, ఆదివారం చర్చి మానడు. గోపాలరావు ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీలో మూతెడు ఏలియాకు పోయడం రివాజు.

"మీ ఆంధ్రోళ్లకు కాఫీ లేకుంటే పొద్దు పొడవదేమో సార్," అనేవాడు ఏలియా తాగుతూనే.

"మీకు పొద్దు పొడిచాక కూడా పనిలేదుగా, అందుకే చాయ్ చాలు," అనేవాడు గోపాలరావు.

రెండువేల పదిలో, వానాకాలంలో ఒక మధ్యాహ్నం, స్టోర్స్ షెడ్డులో యాసిడ్ డ్రమ్ము బిరడా ఊడింది. పసుప్పచ్చ పొగ షెడ్డంతా కమ్మింది. లోపల ఉన్నది వీళ్లిద్దరే. మిగతా డ్రమ్ములకు అంటకుండా దాన్ని బయటికి దొర్లించేసరికి ఇద్దరి కళ్లూ చింతనిప్పులయ్యాయి, ముక్కుల్లోంచి రక్తం కారింది. వారం పాటు ఇద్దరూ దగ్గుతూనే ఉన్నారు. దగ్గు తగ్గింది. వాసన తిరిగి రాలేదు.

కంపెనీ డాక్టరు ఇద్దరినీ ఒకే బల్లమీద పక్కపక్కన కూచోబెట్టి, వాసన పరీక్ష అంటూ ముక్కు కింద ఏదో ముంచిన దూది పెట్టాడు. మేనేజరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ముందు ఏలియా వంతు.

"మంట తెలుస్తున్నది సార్. వాసన తెలుస్తలేదు," అన్నాడు ఏలియా. ఉన్నమాట.

గోపాలరావుకూ అంతే. ముక్కు లోపల చురుక్కుమంది, అంతకుమించి ఏమీ లేదు. కానీ చురుక్కుమన్నదంటే అది ఏమై ఉంటుందో పాతికేళ్లు స్టోర్సులో ఉన్నవాడికి తెలియదా? అందులోనూ దవాఖానా దూది.

"స్పిరిట్టండీ," అన్నాడు.

ఆ రెండు జవాబులతో రెండు పనులు జరిగాయి. వాసన తెలియని మనిషి రసాయనాల షెడ్డులో ఉండటం ప్రమాదమని ఏలియాను పనిలోంచి తీసేశారు. దాన్ని తప్పని ఎవరూ అనలేరు. దెబ్బ మాత్రం పొగవల్ల తగిలింది కాదు, పాత పడిశం తాలూకు జబ్బు అని పరిహారమూ ఇవ్వలేదు. ఎందుకంటే అదే పొగలో, అంతసేపూ ఉన్న గోపాలరావు నిక్షేపంగా ఉన్నాడు కదా.

గోపాలరావు నోరు తెరవలేదు. కొద్ది రోజులు చూద్దాం, వాసన వస్తుంది, అప్పుడు అబద్ధం అబద్ధం కాకుండా పోతుంది అనుకున్నాడు. రోజూ పొద్దున్నే కాఫీ డబ్బా మూత తీసి ముఖం లోపలికి దూర్చేవాడు. ఖాళీ డబ్బాలో తల పెట్టినట్టుండేది. తీపి తెలిసేది, చేదు తెలిసేది, వేడి తెలిసేది. కాఫీ మాత్రం లేదు.

వాసన పోయిన మనిషికి కొత్త అలవాటొకటి వస్తుంది. తన ముక్కు చెప్పనిది పక్కవాడి మొహం చెబుతుంది. కూర మాడిందా, పాలు విరిగాయా, మురుగుకాలవ పొంగిందా, ఎదుటివాళ్ల ముక్కుపుటాలు చూసి తెలుసుకోవాలి. గోపాలరావు అందులో ఆరితేరాడు. ఏ గదిలోకి వెళ్లినా ముందు అక్కడున్న మొహాల్ని చదివేవాడు. రాజ్యం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే తనూ మొహం చిట్లించి, "ఏమిటీ కంపు?" అనేవాడు. కాఫీ దగ్గర రంగు చూసి, నురగ చూసి, "ఆహా" అనేవాడు. ఎవరూ కనిపెట్టలేదనే అనుకున్నాడు.

మరుసటి ఏడు దసరాలు దాటాక ఏలియా వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా ఉన్నాడిప్పుడు. మనిషి చిక్కిపోయాడు, మాట చిక్కలేదు.

"సార్, మా రూతు పోటీల నిలబడ్డది. కాఫీ పోటీ! బరిస్టా పోటీ అంటరట. మొన్ననే కావాల్సుండె, సకల జనుల సమ్మెల ఆగిపోయింది. ఈ శనివారం పెట్టిన్రు, హబ్సిగూడ కాడ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీల. మీరు రావాలె."

రూతు ఏలియా పెద్దకూతురు. తండ్రి పని పోయాక డిగ్రీ మధ్యలో మాని తార్నాకలో ఒక కాఫీ షాపులో చేరింది.

"కాఫీ చెయ్యడానికి పోటీ ఏమిటోయ్," అన్నాడు గోపాలరావు.

"నేనూ గదే అడిగిన. జడ్జిలు చెంచాలు పట్టుకొని కూసుంటరట. గింత కాఫీకి గంత పెద్ద మిషన్ సార్, బస్సు ఇంజనంత ఉన్నది! నాకేం సమజైతది? వాసనే తెల్వదాయె. నా బిడ్డ ఏం జేస్తున్నదో దానికే ఎరుక. మీరు పక్కన కూసుంటే జర చెప్తరు గదా, ఎట్లున్నదో."

రాజ్యం కాఫీ తెచ్చి ఇద్దరి ముందూ పెట్టింది.

"ఇంకోటి సార్," అన్నాడు ఏలియా వెళ్తూ గుమ్మంలో. "పరిహారం కోసం మళ్ల దరఖాస్తు పెట్టిన. సోమవారం లేబర్ ఆఫీసుల పిలిచిన్రు. షెడ్డుల ఉన్నోళ్లు ఇంకెవరన్న చెప్తరా అని అడుగుతున్నరు. ఎవరున్నరు, మనిద్దరమే ఉంటిమి. మీరేం జేస్తరు, మీకేం కాలే. దేవుడు మిమ్ముల సల్లగ సూసిండు."

శనివారం గోపాలరావు వెళ్లాడు. ఏలియా కోసం వెళ్లాడనడం కంటే తన ఆశ కోసం వెళ్లాడనడం నిజం. ఒక హాలు నిండా గింజలు పొడి అవుతూ, డికాషన్లు దిగుతూ ఉంటే, చచ్చిన ముక్కు ఎక్కడన్నా లేస్తే అక్కడే లేవాలి. గేటు దగ్గరే జనం "అబ్బ, ఏం ఘుమఘుమ!" అనుకుంటూ లోపలికి పోతున్నారు. ఆయన గుమ్మంలో ఆగి, కళ్లు మూసుకుని, బలమంతా పెట్టి పీల్చాడు. ఏసీ చల్లదనం తెలిసింది. అంతే.

పోటీ ఒక పెద్ద వంటగదిలాంటి వేదిక మీద జరుగుతోంది. ఒక్కొక్కరూ మిషను దగ్గరికొచ్చి, మాట్లాడుతూనే కాఫీలు చేసి జడ్జిలకు అందించాలి. ఒక కుర్రాడు మైకులో ఇంగ్లీషులో హుషారు చేస్తున్నాడు. రెండో వరసలో ఏలియా పెళ్లినాటి కోటు వేసుకుని కూచున్నాడు. పక్క కుర్చీ మీద రుమాలు వేసి ఉంచాడు, గోపాలరావు కోసం.

రూతు వంతు వచ్చింది. నల్ల చొక్కా, నల్ల ఏప్రన్. పిడి ఉన్న గిన్నెలో పొడి నొక్కింది, దాన్ని మిషనుకు బిగించింది, పాలు నురగ తెప్పించి కప్పుల్లో ఆకు బొమ్మలు పోసింది. చివర సొంతంగా కల్పించిన కాఫీ ఒకటి చెయ్యాలి. తాటిబెల్లం పాకంలో శొంఠి, ఏలకులు వేసి, దానిమీద కాఫీ దించింది. "మా నాయన ఊర్ల తాటిబెల్లం," అని మైకులో చెప్పింది. ఏలియా తల వంచుకుని కోటు గుండీలు సరిచేసుకున్నాడు.

జడ్జిలకు పోగా మిగిలినది చిన్న కప్పుల్లో ముందు వరసలకు పంచారు. ఏలియా తన కప్పు తాగేసి, గోపాలరావు వైపు తిరిగాడు.

"తియ్యగున్నది సార్. గంతవరకే నాకు తెలుస్తది. మీరు చెప్పున్రి. మంచిగ వాసన చూసి చెప్పున్రి."

గోపాలరావు కప్పు ముక్కు కింద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. ఆ ఏమీలేనితనంలోంచి ఆయన మాటలు తీశాడు. పాతికేళ్ల సరుకు ఉంది కదా.

"ముందు ఏలక్కాయ వస్తుందోయ్. పైపైన. దాని వెనక తాటిబెల్లం, కాస్త పొగచూరిన వాసనతో. చివర్న కాఫీ. గింజ ఎక్కడా మాడలేదు. వేయించిన వేరుశనగ పొట్టు తీస్తుంటే వస్తుందే, అలాంటి కమ్మదనం. నీ కూతురి చెయ్యి మంచిదయ్యా."

ఏలియా కళ్లు మెరిశాయి. పక్కన కూచున్న ముక్కూమొహం తెలియనాయన వైపు వంగి, "నా బిడ్డనే," అని చెప్పాడు. తర్వాత తనలో తనే, "పల్లికాయ పొట్టు," అని అనుకున్నాడు. పోయిన వాసనల్లో అదొకటి దొరికినట్టు.

ఇద్దరు ముగ్గురు పోటీదారుల తర్వాత విరామం. వేదిక పక్కన గింజలు ఎలా వేయిస్తారో చూపించడానికి ఒక చిన్న యంత్రం పెట్టారు. కింద గ్యాస్ మంట, పైన తిరిగే డబ్బా. చూపించబోయే ఆయన గింజల గొప్పతనం చెబుతూ నిలబడ్డాడు, ఇంకా వెలిగించలేదు. వెనక సిలిండరుకు తగిలించిన రబ్బరు గొట్టం ఎప్పుడు జారిందో ఎవరూ చూడలేదు.

ముందు వరసలో ఒకామె చప్పున కొంగు ముక్కుకు పెట్టుకుంది. ఆమె పక్కాయన గాలి పీల్చి చుట్టూ చూశాడు. మూడో వరసలో ఎవరో లేచారు. క్షణాల్లో హాలంతా మొహాలు ముడుచుకున్నాయి, కుర్చీలు కిర్రుమన్నాయి.

గోపాలరావు ఎప్పటిలాగే ముందు మొహాలు చూశాడు. కొంగు చూశాడు, లేచినవాళ్లను చూశాడు. ఏదో వాసన వస్తోంది. ఏమిటది? మాడిందా, కుళ్లిందా? తను ఏ మొహం పెట్టాలి? సరైన మొహం దొరక్క ఎడమవైపు తిరిగాడు, పక్కవాడి మొహం చూద్దామని.

పక్కవాడు ఏలియా. ఏలియా అప్పటికే ఆయన మొహంలోకి చూస్తున్నాడు. వాసన తెలిసిన గోపాలరావు సార్ మొహం ఏం చెబుతుందోనని.

ఇద్దరి కళ్లూ కలుసుకున్నాయి. హాలు మొత్తంలో ముక్కు మూసుకోనివాళ్లు వాళ్లిద్దరే.

"గ్యాస్! గ్యాస్ లీకు!" అని ఎవరో అరిచారు. కిటికీలు తెరిచారు, సిలిండరు కట్టేశారు. జనం బయటికి వెళ్లి, చెట్టు కింద నిలబడి నవ్వుకుంటూ మళ్లీ లోపలికి రాసాగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఏలియా బయటికి వెళ్లలేదు. గోపాలరావు కూడా వెళ్లలేదు. గోపాలరావు మొహంలోని ఆ చూపు ఏలియాకు కొత్త కాదు. ఏడాదిగా తను రోజూ పెట్టే చూపే అది. దాన్ని ఇంకొకరి మొహం మీద చూడటం మాత్రం అదే మొదలు.

ఏలియాయే ముందు అడిగాడు. ఫ్యాక్టరీ గురించి అడుగుతాడనుకున్నాడు గోపాలరావు.

"అయితే సార్... పల్లికాయ పొట్టు?"

గోపాలరావు చేతిలో ఖాళీ కప్పు అలాగే ఉంది.

"నా బిడ్డ కాఫీ గురించి చెప్పింది గదంత?" అన్నాడు ఏలియా మళ్లీ. గొంతు పెంచలేదు. "ఉత్తదేనా?"

"ఏలియా, నాకు రెండేళ్లే సర్వీసుంది. నిన్ను తీసేసినట్టే నన్నూ..."

"గది తర్వాత మాట్లాడుదం సార్. ఇది చెప్పున్రి."

"తెలియదయ్యా," అన్నాడు గోపాలరావు. "ఎలా ఉందో నాకు తెలియదు."

ఏలియా తలూపాడు. కోటు జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "గా పొద్దు బల్లమీద పక్కపక్కన్నే కూసుంటిమి," అన్నాడు. "నేను ఉన్నది చెప్పిన. మీరు చదువుకున్నోళ్లు. స్పిరిట్ అన్నరు." రుమాలు మడిచి, "సోమవారం పొద్దుగాల నాచారం చౌరస్తాల బస్సెక్కుత. వస్తరా?"

గోపాలరావు "చూస్తాను" అన్నాడు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. మొదటి ముగ్గురిలో రూతు లేదు. ఏప్రన్ విప్పి చంకన పెట్టుకుని వచ్చింది. "అంకుల్, మీరన్నా నిజం చెప్పండి, ఎట్లున్నది? శొంఠి ఎక్కువైందన్నడు జడ్జి. ఎక్కువైందా?"

గోపాలరావు నోరు తెరవకముందే ఏలియా అందుకున్నాడు. "సార్ నాకు చెప్పిండులే బిడ్డా. మంచిగున్నదట. పల్లికాయ పొట్టు లెక్క కమ్మగున్నదట. నడువు, బస్సు పోతది."

ఇంటికొచ్చి గోపాలరావు చెప్పులతోనే కుర్చీలో కూలబడ్డాడు. రాజ్యం కాఫీ తెచ్చింది. ఆయన గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకోకుండా తాగాడు.

"ఏం, ఇవాళ వాసన చూడలేదే?"

"రాజ్యం, నాకు వాసన..."

"తెలుసు," అంది.

ఆయన తలెత్తాడు. రాజ్యం గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"ఉగాదినాడు చుట్టాలొచ్చిన హడావిడిలో గ్లాసులు మారిపోయాయి. మీరు నా గ్లాసు తాగి, ఆహా అన్నారు. అదివరకు పొడి పాతదైతే గ్లాసు సింకులో పారేసిన మనిషి! మర్నాడు కావాలనే మార్చాను. పాలు తగ్గించి రంగు సరిచేశాను. ఆహా అన్నారు. అప్పట్నుంచీ రెండో డికాషన్ మీకే."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెబుతారేమోనని చూశాను. మొగుడూ పెళ్లాలం కదా, చెప్పుకుంటారనుకున్నాను." గ్లాసు అందుకుంది. "మొదటిది నేనే తాగుతున్నాను. బాగుంటుంది. ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ తెలియలేదు."

ఆయన ఏలియా సంగతంతా చెప్పాడు. సోమవారం సంగతీ చెప్పాడు. "ఇప్పుడు నిజం చెబితే, అప్పుడు అబద్ధం చెప్పానని ఉద్యోగం ఊడబీకుతారు," అన్నాడు.

"అవును, ఊడబీకుతారు," అంది రాజ్యం. వెళ్లమనలేదు, వద్దనలేదు. ఆ వద్దన్న మాట తన చేత అనిపించుకుందామనే ఆయన చెప్పాడని ఆమెకు తెలుసు.

సోమవారం పొద్దున గ్లాసు ముందుంటే, "ఇది మొదటిదా, రెండోదా?" అని అడిగాడు.

"తాగి చెప్పండి."

నాచారం చౌరస్తాలో ఏలియా బస్టాపు అరుగు మీద కూచుని ఉన్నాడు, అదే కోటు. ఒళ్లో కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. గోపాలరావును చూసి పిలవలేదు. కాస్త పక్కకు జరిగి అరుగు మీద చోటు చేశాడు. గోపాలరావు కూచోలేదు. నిలబడే, చలి పెరిగిందన్నాడు. ఏలియా అవునన్నాడు. బస్సొచ్చింది. ఏలియా మెట్టు మీద నిలబడి ఒకసారి వెనక్కి చూశాడు. కండక్టరు, "ఎక్కుతవా దిగుతవా పెద్దమనిషీ, లోపలికి పో!" అని కసిరాడు. బస్సు కదిలింది. గోపాలరావు రోడ్డు దాటి, సైరన్ కూయకముందే ఫ్యాక్టరీ గేటు చేరుకున్నాడు.

ఏలియా దరఖాస్తు కొట్టేశారు. కారణం కొత్తదేమీ కాదు. అదే షెడ్డులో ఉన్న రెండో మనిషికి ఏమీ కాలేదు. ఏలియా ఉప్పల్‌లో వాచ్‌మన్ గానే ఉండిపోయాడు. రూతు ఆ తర్వాత ఏ పోటీకీ వెళ్లలేదని విన్నాడు గోపాలరావు. ఆ కాఫీ షాపు ముందునుంచి పోవాల్సొస్తుందని తార్నాకలో దిగాల్సినప్పుడు ఒక స్టాపు ముందే దిగి నడుస్తాడు.

అనుకున్న రెండేళ్లకు కొన్ని నెలలు పొడిగింపు కూడా దొరికింది. తెలంగాణ వచ్చిన నెలలోనే ఆయన రిటైరయ్యాడు. వీధుల్లో ఇంకా గులాబీ తోరణాలు విప్పలేదు. ఫ్యాక్టరీలో శాలువా కప్పారు. కొత్త మేనేజరు, "రావుగారి ముక్కంటే ముక్కే, మా ల్యాబుక్కూడా అంత నమ్మకం లేదు," అని నవ్వించి, అందరూ చందా వేసుకుని కొన్న స్టీలు కాఫీ ఫిల్టరు చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు.

ఇప్పటికీ కాలనీలో ఎవరు కొత్త పొడి కొన్నా ముందు గోపాలరావు దగ్గరికే తెస్తారు. ఆయన పొట్లం విప్పి, ముక్కు కింద పెట్టుకుని, ఒకసారి పీలుస్తాడు. కళ్లు మాత్రం మూసుకోడు. తెచ్చినవాడి మొహం చూస్తాడు. మొహం వెలుగుతుంటే బాగుందంటాడు, అనుమానంగా ఉంటే చికోరీ ఎక్కువైందంటాడు. ఇంతవరకు ఒక్కరూ కాదనలేదు. లోపల వంటింట్లో రాజ్యం మొదటి డికాషన్‌తో కలుపుకున్న కాఫీ నెమ్మదిగా తాగుతూ, ఆయన చెప్పేది వింటూ ఉంటుంది.